కొంగ పాట ఎవరిది? పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ సింఫనీలో జానపదం, జాతీయవాదం

సంక్షిప్తంగా: పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ ఆర్కెస్ట్రా సంగీతానికి ప్రత్యేకమైన గొంతు జానపద గేయాలను వాడుకున్నంత మాత్రాన రాలేదు. ఆ గేయాలు జర్మన్ సంగీత రూపాలలో ఇమడక మొరాయించినప్పుడు స్వరకర్తలు కనిపెట్టిన నిర్మాణ పద్ధతి దానికి అసలు ఆధారం. పైగా ఆ పాటలు పల్లె నుంచి నేరుగా రాలేదు. పట్నపు సేకర్తల చేతుల మీదుగా, పియానోల మీదుగా వచ్చాయి. వాటిలో కొన్ని రష్యన్ పాటలే కావు. నేటి వివాదానికి మూలం ఈ చివరి విషయంలో ఉంది.

2022 మార్చిలో, ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్ర మొదలైన కొద్ది రోజులకు, బ్రిటన్‌లోని కార్డిఫ్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా తన కచేరీ నుంచి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నెపోలియన్‌పై రష్యా గెలుపును చాటుతూ రాసిన '1812 ఓవర్చర్'ను (ఓవర్చర్ అంటే ఒకే భాగంగా సాగే ఆర్కెస్ట్రా కృతి) తీసేసింది. ఎప్పుడో 1893లో చనిపోయిన స్వరకర్తకూ ఇప్పటి యుద్ధానికీ సంబంధమేమిటని కొందరు అడిగారు. ఆ సంగీతం మొదటి నుంచీ సామ్రాజ్యపు బాకానేనని మరికొందరు బదులిచ్చారు. చిత్రమేమిటంటే, ఈ రెండు పక్షాలూ ఒక ఊహను ప్రశ్నించకుండానే ఒప్పుకున్నాయి: ఈ సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసిన, పలు భాగాల పెద్ద కృతులు), ఓవర్చర్లు రష్యన్ ప్రజల గుండెలోంచి ఉబికి వచ్చినవని. చరిత్రను దగ్గరగా చూస్తే ఈ ఊహ అంత గట్టిగా నిలబడదు.

పాట పట్నానికి చేరిన దారి

1790లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక జానపద గేయాల పుస్తకం అచ్చయింది. పాటలు సేకరించినవాడు నికొలాయ్ ల్వోవ్ అనే వాస్తుశిల్పి, కవి. వాటికి పియానో సహకారం కూర్చినవాడు ఇవాన్ ప్రాచ్ అనే చెక్ సంగీతకారుడు. మొదటి ముద్రణలో 100 పాటలు, 1806 నాటి రెండో ముద్రణలో 150 ఉన్నాయి. వియన్నాలో రష్యన్ రాయబారిగా ఉన్న రజుమోవ్‌స్కీ కోసం బీథోవెన్ రాసిన తంత్రీ వాద్య చతుష్టయాలలో వినిపించే రష్యన్ బాణీలు ఈ పుస్తకంలో ఉన్నవే. అందులో 'స్లావా' అనే బాణీని చాలా ఏళ్ళ తరువాత రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ తన 'బోరిస్ గొదునోవ్' ఒపెరాలో పట్టాభిషేక దృశ్యానికి వాడుకున్నాడు. రష్యన్ జాతీయతకు గుర్తుగా చెప్పుకునే బాణీని ఆ స్వరకర్తకంటే ముందే ఒక జర్మన్ వాడుకున్నాడన్నమాట.

ప్రాచ్ చేతిలో ఆ పాటలు చాలా మారాయి. రష్యన్ రైతులు కలిసి పాడేటప్పుడు ఒక్కొక్కరు మూల బాణీని తమకు తోచిన తీరులో కొద్దిగా తిప్పి పాడతారు. లయ పదాల వెంట సాగుతుంది, ఏ స్వరం మీద ఆగాలన్నది కూడా ఒక్కోసారి మారుతుంది. ప్రాచ్ దాన్నంతా సమానమైన బార్లుగా (మన తాళపు ఆవృత్తాల్లాంటి కొలతలుగా) కోసి, మేజర్, మైనర్ స్కేళ్ళలోకి సర్ది, జమీందారీ లోగిళ్ళలో పియానో దగ్గర పాడుకునే పాటల వరసలోకి తెచ్చాడు.

ఈ పద్ధతిని మార్చాలని చూసినవాడు స్వరకర్త మిలీ బలాకిరెవ్. 1860 వేసవిలో ఆయన వోల్గా నది వెంట తిరిగి పాటలు రాసుకున్నాడు. 1866లో 40 పాటలతో సంపుటం వెలువరించాడు. పడవలను తాళ్ళతో ఒడ్డు వెంట లాగే కూలీల 'ఎయ్ ఊహ్నెమ్' పాట ప్రపంచానికి తెలిసింది ఆ పుస్తకం ద్వారానే. ఆయన తెచ్చిన ముఖ్యమైన మార్పు తెలుగు పాఠకులకు రాగాల భాషలో సులువుగా అర్థమవుతుంది. పాశ్చాత్య సంగీతంలో మైనర్ స్కేలుకు శ్రుతి సమ్మేళనాలు (ఒకేసారి మోగే స్వరాల కలయికలు, అంటే కార్డులు) కూర్చేటప్పుడు పై షడ్జానికి ముందున్న నిషాదాన్ని అర స్వరం పెంచడం అలవాటు. అంటే నఠభైరవి స్వరాలను కీరవాణి స్వరాలుగా మార్చేస్తారు. పాటలో లేని కాకలి నిషాదాన్ని సహకారంలో చొప్పించడం బలాకిరెవ్‌కు నచ్చలేదు. నిషాదాన్ని కైశికిగానే ఉంచి సమ్మేళనాలు రాశాడు. తరువాతి తరం 'రష్యన్ ధ్వని'గా గుర్తుపట్టిన గంభీరమైన, కొంత పాతకాలపు ఛాయ చాలావరకు ఈ ఒక్క నిర్ణయం ఫలితమే.

అయినా అది కూడా బలాకిరెవ్ చెవి విన్న పల్లెటూరే. 1877లో 100 పాటల సంపుటం ప్రచురించిన స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ వాటిలో కొన్నింటిని తన తల్లి, చిన్నాన్నల జ్ఞాపకం నుంచి, పరిచయస్తుల గొంతుల నుంచి రాసుకున్నాడు. వారంతా చదువుకున్న కులీన కుటుంబాలవారు. రైతులు నిజంగా ఎలా పాడతారో యంత్రం సాయంతో నమోదు చేసిన తొలి సేకర్తలలో ఒకరైన యెవ్‌గేనియా లిన్యోవా, 1890ల చివరలో ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలకు వెళ్ళేనాటికి 'రష్యన్ స్కూల్'కు పేరు తెచ్చిన ఆర్కెస్ట్రా కృతులలో చాలా భాగం రాయడం, వాయించడం, అచ్చు వేయడం కూడా అయిపోయాయి.

ఒకే బాణీ, డెబ్బై అయిదు సార్లు

సింఫనీ అనే రూపం జర్మన్ నేలలో పెరిగింది. దాని ప్రాణం బాణీని ముక్కలు చేయడంలో ఉంది. బీథోవెన్ అయిదో సింఫనీలో నాలుగు స్వరాల చిన్న మొలక ఒక పెద్ద చెట్టయినట్టుగా, ఒక చిన్న ముక్కను సాగదీసి, తలకిందులు చేసి, ఒక శ్రుతి నుంచి మరో శ్రుతికి నడిపించి, ఘర్షణ పుట్టించి, చివరికి ఇంటికి చేర్చడం ఆ పద్ధతి. జానపద గేయం దీనికి లొంగదు. అది మొదలైన చోటే సంపూర్ణంగా ఉంటుంది. ఒక చరణం ముగిశాక మళ్ళీ అదే చరణం వస్తుంది. ముక్కలు చేస్తే పాట పోతుంది, చేయకపోతే సింఫనీ ముందుకు కదలదు.

ఈ చిక్కుకు స్వరకర్త మిహాయిల్ గ్లింకా 1848లో వార్సాలో ఉండగా ఒక దారి కనిపెట్టాడు. ఆ కృతి పేరు 'కామరిన్‌స్కయా'. నిడివి సుమారు ఏడు నిమిషాలు. సరుకు రెండే పాటలు: కొండల అవతల నుంచి అని మొదలయ్యే నిదానమైన పెళ్ళి పాట ఒకటి, కామరిన్‌స్కయా అనే హుషారైన నాట్య గీతం మరొకటి. నాట్య గీతపు ఒక్కో పాదం మూడు బార్లు మాత్రమే. పల్లెల్లో దాన్ని వాయించేవాళ్ళు ఆ మూడు బార్లనే ఆపకుండా తిప్పి తిప్పి వాయిస్తుంటారు, ఆడేవాళ్ళు అలిసేదాకా.

గ్లింకా ఆ తిప్పడాన్ని అలాగే ఉంచాడు. నాట్య గీతం ఆ కృతిలో దాదాపు 75 సార్లు వస్తుంది. బాణీ పెద్దగా మారదు. దాని చుట్టూ ఉన్నదంతా మారుతుంది. మొదట వయొలిన్లు ఒంటరిగా అందుకుంటాయి. తరువాత కింద మరో బాణీ చేరుతుంది. ఇంకోసారి తంత్రీ వాద్యాలు కమాను పక్కన పెట్టి వేళ్ళతో మీటుతూ బలలైకా అనే రష్యన్ తీగ వాద్యాన్ని తలపిస్తాయి. ఒక చోట హారన్లు (ఇత్తడి ఊదు వాద్యాలు) ఒకే స్వరాన్ని పట్టుకుని, అది పైనున్న బాణీకి పొసగకపోయినా, వదలకుండా సతాయిస్తాయి. వినేవారికి పాట అదే, కానీ ప్రతిసారీ వెలుతురు మారినట్టు ఉంటుంది.

మన సంగీతంలో పల్లవికి సంగతులు వేసే తీరుతో దీన్ని పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. అక్కడ తంబురా శ్రుతి కదలకుండా ఉంటుంది, సాహిత్యపు పంక్తి ఒక్కో సంగతికి కొత్త వంపు తిరుగుతూ విస్తరిస్తుంది. గ్లింకా పద్ధతిలో పంక్తి కదలదు, నేపథ్యం విస్తరిస్తుంది. ఆలోచన ఒకటే, పనిచేసే దిశ వేరు.

ఇంకో కిటుకు కూడా ఉంది. పెళ్ళి పాటకూ నాట్య గీతానికీ స్వరాల నడకలో బంధుత్వం ఉందని గ్లింకా గమనించాడు. నాట్య గీతానికి కొద్ది కొద్దిగా అలంకారాలు చేర్చుతూ దాన్ని పెళ్ళి పాటలోకి జార్చుతాడు. ఏ మలుపులో ఒక పాట రెండోదిగా మారిందో వినేవారు కనిపెట్టడం కష్టం. జర్మన్ తరహా ఘర్షణ లేకుండా ఆర్కెస్ట్రా కృతికి ఒక కదలిక, ఒక ఆశ్చర్యం సాధ్యమని అది నిరూపించింది. ఓక్ చెట్టంతా దాని గింజలో ఉన్నట్టు రష్యన్ సింఫనీ సంగీతమంతా ఈ కృతిలో ఉందని చైకోవ్‌స్కీ 1888లో తన డైరీలో రాసుకున్నాడు. స్తుతిలా కనిపించే ఆ వాక్యం నిజానికి చాలావరకు సాంకేతిక వివరణే.

ఆరు మాత్రలకు రెండు కలిపితే

గ్లింకా దారి తెరిచాడు గానీ అందరూ దాన్ని ఒకే తీరుగా నడవలేదు. 'పొలంలో బిర్చ్ చెట్టు నిలిచింది' అనే చిన్న పాట చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. బలాకిరెవ్ దాన్ని 1858లో మూడు రష్యన్ బాణీల ఓవర్చర్‌లో వాడాడు. అదే పాటను చైకోవ్‌స్కీ 1877లో రాసిన నాలుగో సింఫనీ చివరి భాగంలో వాడాడు. పాటలోని తొలి పాదం ఆరు మాత్రలు. రెండు మాత్రల బార్లు మూడింటిలో సరిపోతుంది. చైకోవ్‌స్కీ తన సంగీతాన్ని నాలుగు మాత్రల కొలతలో నడుపుతున్నాడు. అందుకని పాదం ముగిశాక రెండు మాత్రల ఖాళీ వదిలి, ఆ ఖాళీని గబగబా పరుగెత్తే స్వరాలతో నింపాడు. ఆరు ఎనిమిదయింది.

రెండు మాత్రల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ రెండు దృక్పథాల మధ్య దూరం సరిగ్గా అంతే. బలాకిరెవ్‌కు పాట కొలతే నియమం, కృతి దానికి అనుగుణంగా ఒదగాలి. చైకోవ్‌స్కీకి సింఫనీ కొలతే నియమం, పాట అందులో ఒక పాత్ర. నీలో నీకు సంతోషం దొరక్కపోతే జనంలోకి వెళ్ళి వాళ్ళ పండుగను చూడమన్న భావాన్ని చైకోవ్‌స్కీ ఆ చివరి భాగం గురించి తన పోషకురాలు నదేజ్దా ఫాన్ మెక్‌కు రాసిన లేఖలో వివరించాడు. అంటే పాట అక్కడ బయటి నుంచి చూస్తున్న మనిషికి వినపడుతున్నది. ఆ మనిషి విషాదం చుట్టూ అల్లుకున్న కృతిలో ఆ అదనపు రెండు మాత్రలు అతికినట్టే ఉంటాయని ఒప్పుకోవాలి.

కన్సర్వేటరీ, దాని బయటివాళ్ళు

1859లో అంతోన్ రూబిన్‌స్టెయిన్ రష్యన్ సంగీత సంఘాన్ని, 1862లో సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీని, అంటే సంగీత కళాశాలను, స్థాపించాడు. 1866లో ఆయన తమ్ముడు నికొలాయ్ మాస్కోలో మరొకటి ప్రారంభించాడు. అప్పటిదాకా రష్యాలో స్వరకర్త అంటే ఉద్యోగమో ఎస్టేటో ఉండి, తీరిక వేళల్లో రాసేవాడే. కన్సర్వేటరీ దాన్ని వృత్తిగా మార్చింది, జర్మన్ పాఠ్యక్రమంతో.

బలాకిరెవ్ చుట్టూ చేరిన నలుగురికీ ఆ శిక్షణ లేదు. క్యుయీ సైన్యంలో కోటల ఇంజనీరు, బొరోడిన్ రసాయన శాస్త్రవేత్త, ముసోర్గ్‌స్కీ మాజీ సైనికాధికారి, రిమ్‌స్కీ-కోర్సకోవ్ నౌకాదళ అధికారి. 1862లో బలాకిరెవ్, గవ్రీల్ లొమాకిన్ కలిసి ఉచిత సంగీత పాఠశాల నడిపారు. 1867లో స్లావ్ ప్రతినిధుల గౌరవార్థం బలాకిరెవ్ నిర్వహించిన కచేరీని సమీక్షిస్తూ విమర్శకుడు స్టాసోవ్ రష్యన్ సంగీతకారులను 'మొగూచయా కుచ్‌కా', అంటే చిన్నదే అయినా బలమైన గుంపు, అన్నాడు. వ్యతిరేకులు ఆ మాటను ఎగతాళిగా పట్టుకున్నారు, తరువాత అదే ఈ అయిదుగురి బిరుదుగా స్థిరపడింది.

దీన్ని 'ప్రజల పక్షం, రాజుల పక్షం' అని చదవడం పొరపాటు. కన్సర్వేటరీకి జార్ కుటుంబానికి చెందిన గ్రాండ్ డచెస్ యెలేనా పావ్లోవ్నా అండ ఉంటే, ఉచిత పాఠశాలకు యువరాజు అండ ఉంది. పాశ్చాత్య శిక్షణ అక్కర్లేదన్న గుంపులోంచే రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1871లో కన్సర్వేటరీ ప్రొఫెసరయ్యాడు; తనకు సిద్ధాంతం రాదని గ్రహించి, విద్యార్థులకంటే ఒక అడుగు ముందుండేలా రాత్రింబవళ్ళు కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే బాణీలను పొసగేలా అల్లే విద్య) సాధన చేశాడు. గ్లింకా సైతం బెర్లిన్‌లో జర్మన్ గురువు డేన్ దగ్గర చదువుకున్నవాడే. చివరి రోజుల్లో రష్యన్ చర్చి గానానికి తగిన కౌంటర్‌పాయింట్ వెతుకుతూ మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి, 1857లో అక్కడే చనిపోయాడు. ఇక 1881లో మూడో అలెగ్జాండర్ గద్దెనెక్కాక 'రష్యన్‌తనం' ప్రభుత్వ విధానమే అయింది. బలాకిరెవ్ 1883లో ఆస్థాన గాయక బృందానికి అధిపతి అయ్యాడు. చైకోవ్‌స్కీకి 1888లో ఏటా 3,000 రూబుళ్ళ భృతి మంజూరయింది.

సామ్రాజ్యం తనను తాను విన్న తీరు

స్టాసోవ్ రష్యన్ సంగీతపు లక్షణాలను జాబితా వేసినప్పుడు జానపద గేయంతోపాటు 'తూర్పు' ఛాయను కూడా చేర్చాడు. ఇది గమనించదగ్గ విషయం. జయించిన ప్రాంతాల సంగీతపు రంగు జేతల జాతీయ లక్షణంగా లెక్కకొచ్చింది.

బొరోడిన్ 1880లో రాసిన 'మధ్య ఆసియా గడ్డిమైదానాలలో' దీనికి అద్దం పడుతుంది. అది రెండో అలెగ్జాండర్ పాలనకు 25 ఏళ్ళు నిండిన సందర్భంగా తలపెట్టిన దృశ్య ప్రదర్శనల కోసం పుట్టింది. వయొలిన్లు చాలా ఎత్తున ఒకే స్వరాన్ని పట్టుకుని ఎడారి నిశ్శబ్దాన్ని పరుస్తాయి. ఒక రష్యన్ తరహా బాణీ వినిపిస్తుంది, తరువాత ఒంటెల నడకలాంటి మీటు మీద ఒక తూర్పు బాణీ. రష్యన్ సైనికుల రక్షణలో స్థానిక బిడారు నిశ్చింతగా సాగిపోతోందని స్వరకర్త రాసిన కథనం చెబుతుంది. చివరికి రెండు బాణీలూ ఒకేసారి, ఏ ఘర్షణా లేకుండా, ఒకదానిపై ఒకటి అమరి వినిపిస్తాయి. 1865లో తాష్కెంట్, 1868లో సమర్‌కంద్, 1873లో ఖీవా రష్యన్ సైన్యం చేతికి చిక్కిన కాలమది. కౌంటర్‌పాయింట్ ఎంత తేలిగ్గా కుదిరిందో ఆక్రమణ అంత తేలిగ్గా జరగలేదు. రెండు బాణీలూ అంత చక్కగా అమరడానికి కారణం సాంకేతికంగా మామూలే: ఒకదానితో మరొకటి కలిసేలా ఒకే చేయి వాటిని మలిచింది.

'1812 ఓవర్చర్'ది వేరే రకం కల్పన. నెపోలియన్‌పై గెలుపును చెప్పడానికి చైకోవ్‌స్కీ చర్చి గానాన్ని, 'గుమ్మం దగ్గర' అనే జానపద నాట్య గీతాన్ని, ఫ్రెంచి గీతం 'మార్సెయేజ్'ను, చివరగా 'దేవుడా, జార్‌ను కాపాడు' గీతాన్ని కలిపాడు. ఈ చివరిది అలెక్సీ ల్వోవ్ స్వరపరిచింది 1833లో. 1812లో పోరాడిన సైనికుడెవడూ దాన్ని వినలేదు. యుద్ధం జరిగిన నాటి పల్లె పాటకు, ఇరవై ఏళ్ళ తరువాతి రాజభక్తి గీతాన్ని అంటగట్టి, జనమూ జార్ ఒకటేనన్న భావనను వెనక్కి జరిపి చరిత్రలో పెట్టాడు. ఇది మనసు పెట్టి రాసింది కాదని, మోత తప్ప ఇందులో కళ ఏమీ ఉండకపోవచ్చని ఆయనే ఫాన్ మెక్‌కు రాశాడు. జనం మాత్రం ఆయన మాట పట్టించుకోలేదు.

కొంగ పాట

అన్నిటికంటే చిక్కైన ఉదాహరణ చైకోవ్‌స్కీ రెండో సింఫనీ. 1872 వేసవిలో ఆయన ఉక్రెయిన్‌లో కమియాంకాలో, చెల్లెలి అత్తవారి ఎస్టేటులో ఉండి దీన్ని మొదలుపెట్టాడు. మొదటి భాగం ఒంటరి హారన్ మీద ఒక వోల్గా పాట ఉక్రెయిన్ రూపంతో తెరుచుకుంటుంది. చివరి భాగం 'కొంగ' అనే పాట చుట్టూ కట్టింది: జనపనార చేలోకి పదే పదే దిగి మేసే కొంగ మీద అల్లిన ఆకతాయి పాట. దాన్ని పియానో మీద వాయించుకుంటుంటే ఆ ఇంటి బట్లర్ మాటిమాటికీ వచ్చి, అలా కాదు ఇలా అని పాడి వినిపించేవాడట. ఆ భాగం అసలు కర్త అతనేనని, ఆ మెప్పు అతనికే దక్కాలని చైకోవ్‌స్కీ ఒక లేఖలో సరదాగా రాశాడు.

చివరి భాగంలో ఆర్కెస్ట్రా అంతా కలిసి ఆ అల్లరి బాణీని ముందు రాజసంగా, నిదానంగా ప్రకటిస్తుంది. తరువాత వయొలిన్లు దాన్ని అసలు వేగంలో అందుకుంటాయి, ఆపైన గ్లింకా పద్ధతి మొదలవుతుంది: కొంగ మారదు, దాని వెనక ఆకాశం మారుతూ ఉంటుంది. రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇంట్లో ఈ భాగాన్ని పియానోపై వినిపించినప్పుడు అక్కడున్నవాళ్ళు ఆనందంతో తనను చీల్చేసినంత పని చేశారని చైకోవ్‌స్కీ చెప్పుకున్నాడు. కన్సర్వేటరీ మనిషి, కుచ్‌కా మనుషులు కలుసుకున్న చోటు ఒక ఉక్రెయిన్ పాట.

సింఫనీకి 'చిన్న రష్యన్' అన్న పేరు పెట్టింది విమర్శకుడు కాష్కిన్. సామ్రాజ్యపు పరిభాషలో ఉక్రెయిన్ 'చిన్న రష్యా'. ఈనాడు ఉక్రెయిన్ ప్రజలకు అది అవమానకరమైన మాట, అందుకే కొన్ని ఆర్కెస్ట్రాలు ఇప్పుడు 'ఉక్రెయినియన్' అని అచ్చు వేస్తున్నాయి. పేరు మార్చితే సరిపోతుందా, మార్చకపోతే తప్పా అన్న వాదనలో తరచూ మరుగున పడే ఒక తేదీ ఉంది. సింఫనీ మాస్కోలో తొలిసారి వినిపించిన మూడేళ్ళకు, 1876 మేలో, రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఉక్రెయిన్ భాషలో పుస్తకాల ముద్రణ, నాటక ప్రదర్శన దాదాపుగా నిషేధించిన ఆ ఉత్తర్వు, స్వరలిపి కింద ఉక్రెయిన్ భాషలో సాహిత్యం అచ్చు వేయడాన్ని కూడా విడిగా పేర్కొని నిషేధించింది. ఆ ఆంక్షలు ఏదో ఒక రూపంలో 1905 దాకా కొనసాగాయి.

ఆర్కెస్ట్రాకు మాటలు అక్కర్లేదు. కాబట్టి కొంగ పాట బాణీ సామ్రాజ్యపు కచేరీ సభలలో ఏ అడ్డూ లేకుండా చప్పట్లందుకుంది. దాని మాటలు మాత్రం అచ్చుకు నోచుకోని వాటిలో చేరాయి. ఆ మాటలతో సహా పాటలను సేకరించి ప్రచురిస్తూ వచ్చిన ఉక్రెయిన్ స్వరకర్త మికోలా లిసెంకో 1874 నుంచి 1876 వరకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే ఉన్నాడు, రిమ్‌స్కీ-కోర్సకోవ్ దగ్గర ఆర్కెస్ట్రా రచన నేర్చుకుంటూ. ఉత్తర్వు వెలువడిన ఏడాదే ఆయన చదువు ముగించుకుని కీవ్‌కు తిరిగి వెళ్ళాడు.